సకీనా పేరు ఆ ఇంటికెలా చేరింది

1943వ సంవత్సరం. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరుగుతోంది కానీ దాని కరువు జహీరాబాద్ బజారులో నా చిన్న కొట్టు దాకా వచ్చింది. నేను బోర్డులు రాసేవాణ్ణి. మాది మొగుడంపల్లి. వ్యవసాయం అన్నలకు వదిలేసి చిన్నప్పుడే బజారుకు వచ్చి, ఒక ఉస్తాద్ దగ్గర కుంచె పట్టడం నేర్చుకున్నాను. ఆయన పోయాక ఆ కొట్టు నాది అయింది. పైన ఉర్దూ పెద్దగా, కింద తెలుగు చిన్నగా, అడిగితే కన్నడం, మరాఠీ కూడా రాసేవాణ్ణి. హైదరాబాద్ నుంచి బొంబాయి పోయే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది కనుక అన్ని భాషలవాళ్లూ మా బోర్డులు చదివేవారు.

ఆ రోడ్డు మీద చిరాగ్‌పల్లి వైపు పోతుంటే నాలా, అంటే వాగు, దాటాక ఒక పెంకుటిల్లు ఉండేది. ఒళ్లమ్ముకునే ఆడవాళ్ల ఇల్లు. లారీలవాళ్లు దాన్ని ‘సకీనా ఘర్’, అంటే సకీనా ఇల్లు, అనేవారు. ఇల్లు మూతబడి చాలా ఏళ్లయినా ఆ చోటును ఇప్పటికీ సకీనా మలుపు అంటున్నారు. ఈమధ్య ఒక చాయ్ హోటల్లో కూర్చున్నప్పుడు, మా బజారులో బట్టలు కుట్టిన సకీనా బీ మొదట ఆ ఇంట్లోనే ఉండేదనీ, వయసు మళ్లాక మిషన్ పెట్టుకుందనీ ఒక పెద్దమనిషి కొత్తగా వచ్చినవాళ్లకు చెబుతున్నాడు. అది అబద్ధం. ఆ టేబుల్ దగ్గర ఉన్నవాళ్లకు అప్పుడే చెప్పాను. కానీ ఒక టేబుల్‌కు చెబితే చాలదు. ఆ పేరు ఆ ఇంటికి పెట్టింది నా చెయ్యి.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. రేకు మీద నేరుగా అక్షరాలు రాయం. మొదట ప్రైమర్ వేస్తాం. అంటే రంగు పట్టుకోవడానికి వేసే పునాది పూత. మంచి ప్రైమర్‌కు సఫేదా, అంటే తెల్ల సీసపు పొడి, అవిసె నూనెలో నూరాలి. అది ఆరాక దాని మీద ఎనామిల్ రంగుతో రాస్తే పదేళ్ల వానలకైనా చెక్కు చెదరదు. యుద్ధం రోజుల్లో సఫేదా లేదు, నూనె లేదు, రేకు అసలే లేదు. మాలో చాలామంది ఖడీ మట్టిని, అంటే సుద్దను, సరేసుతో కలిపి పూసేవారు. సరేసు అంటే వడ్రంగులు కట్టె అతికించే జిగురు. నీళ్లలో కరుగుతుంది. దుకాణం లోపల వేలాడే బోర్డుకైతే సరిపోతుంది. వాన పడే చోటికి పనికిరాదు.

అందుకే మా ఉస్తాద్ నేర్పిన మొదటి పని ప్రైమర్ కాదు, అక్షరం కాదు. బోర్డు పెట్టే చోటు చూసి రావడం. “నువ్వు రాసి ఇంటికి పోతవురా, అది ఆడ్నే ఉంటది. దానికి ఎండ ఎటు, వాన ఎటు, చదివెటోడు ఎటు నుంచి వస్తడు, పోయి చూసి రా” అనేవాడు. నేను రాసిన ప్రతి బోర్డుకూ ముందు గోడ చూసి వచ్చాను. ఒక్కదానికి తప్ప.

ఇప్పుడు సకీనా బీ సంగతి. ఆమె భర్త స్టేషన్ రోడ్డులో దర్జీ. ఆయన పోయాక మిషన్ ఆమె తిప్పింది. పర్దా పాటించే ఇళ్లలో ఆడవాళ్లు మగ దర్జీకి కొలతలు ఇవ్వలేరు కనుక ఆ ఇళ్లన్నీ ఆమెకే బట్టలు పంపేవి. ఆమెకు ఉన్నవి ఒక కుట్టు మిషన్, కళ్లు కనిపించని తల్లి, మంచి పేరు. ‘సకీనా సిలాయి ఘర్’ అని మా ఉస్తాదే బోర్డు రాసి ఇచ్చాడు. సిలాయి అంటే కుట్టుపని. మంచి సఫేదా, మంచి నూనె ఉన్న రోజులవి. పేరు కింద ఒక సూది, దాని కంట్లోంచి మెలికలు తిరిగిన ఎర్ర దారం కూడా గీశాడు.

నలభైమూడు ఎండాకాలంలో ఆమె స్టేషన్ రోడ్డు ఖాళీ చేసి గల్లీలోని తన ఇంట్లోకి మిషన్ మార్చింది. బోర్డు నా దగ్గరికి తెచ్చింది. “నర్సింలూ, కింద స్టేషన్ రోడ్ అని ఉన్నది. గా మాట తీసేసి మా గల్లీ పేరు రాయి. తొందరేం లేదు” అంది. సరే ఆపా అన్నాను. ముస్లిం ఇళ్లలో అక్కను అలాగే పిలుస్తారు. బోర్డు గోడకు ఆనించి పెట్టాను.

అది అక్కడ ఉండగానే మల్లప్ప అనే మనిషి వచ్చాడు. నాలా అవతలి ఇంటిని నడిపే తారాబాయి దగ్గర పని చేసేవాడు. ఆ ఇంటికి అప్పటికి పేరంటూ లేదు. ‘ముసాఫిర్‌ఖానా’ అని బోర్డు పెట్టుకుంటే అది బాటసారుల బస అనుకొని తాను చూసీ చూడనట్టు ఉంటానని ఎవరో పోలీసు అధికారి చెప్పాడట.

“ఆరామ్ ముసాఫిర్‌ఖానా అని రాయాలె. ఎల్లుండికే కావాలె” అన్నాడు.

“రేకు లేదన్నా.”

“గా రేకు ఏంది మరి?” అని గోడకు ఆనించిన బోర్డు చూపించాడు.

“అది వేరేవాళ్లది.”

అతను సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. యుద్ధానికి ముందు తయారైన నీలం ఎనామిల్. బొంబాయి లారీలో వచ్చిందట. మూత తీస్తే అద్దంలా నా ముఖం కనిపించింది. రెండేళ్లుగా మసీ, జిగురూ కలుపుకొని రాస్తున్నవాడికి అలాంటి రంగు కనబడితే ఏమవుతుందో మా పనివాళ్లకు తెలుస్తుంది. సకీనా బీకి తొందర లేదంది కదా, రేకు రాగానే కొత్తది రాసిద్దాం అనుకున్నాను.

“జాగ చూస్తందుకు వస్తవా? బాయి రమ్మన్నది” అన్నాడు మల్లప్ప.

“అవసరం లేదు” అన్నాను. పట్టపగలు ఆ ఇంటి ముందు నిలబడితే ఎవరైనా చూస్తారని సిగ్గు. బోర్డు వసారా లోపల పెడతారా, రోడ్డు మీద పెడతారా అని అడగను కూడా లేదు. ఆ మనిషి నా కొట్టులోంచి తొందరగా పోతే చాలనిపించింది. ఉస్తాద్ రాసిన అక్షరాలు గీకలేదు. వాటి మీదే ఖడీ, సరేసు పూసి, ఆరాక నీలం రంగుతో రాసిచ్చాను.

వానలు మొదలయ్యాయి. ఒకరోజు చిరాగ్‌పల్లిలో ఒక కిరాణా కొట్టు గోడ చూడడానికి లారీలో పోతున్నాను. నాలా దాటుతుండగా డ్రైవర్ క్లీనర్‌తో, “అరే, సకీనా ఇల్లొచ్చింది. హారన్ కొట్టనా?” అన్నాడు.

“కొట్టు మామా, కొట్టు. ఇంటికి పోయినంక అత్తమ్మకు నేనే చెప్త” అన్నాడు క్లీనర్.

నేను తల బయటపెట్టి చూశాను. బోర్డు రోడ్డు వైపు, వానకు ఎదురుగా కట్టారు. నా పూత ముద్దలు ముద్దలుగా ఊడిపోయింది, దాంతోపాటే నా నీలం అక్షరాలూ. కింది నుంచి ఉస్తాద్ అక్షరాలు కడిగిన గిన్నెలా మెరుస్తున్నాయి. బోర్డు నడుమ ముందుకు ఒక లాంతరు వేలాడదీశారు. దాని రేకు టోపీ వానకు అడ్డం పడ్డచోట మాత్రం నా పూత నిలిచింది. సరిగ్గా ‘సిలాయి’ అన్న మాట మీదా, దాని కిందున్న ‘స్టేషన్ రోడ్’ మీదా. మిగిలినవి రెండే మాటలు. సకీనా, ఘర్.

కొట్టుకు వచ్చి ఆ నీలం డబ్బా బల్ల కిందికి నెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. వాన తగ్గాక పోయి సరిచేద్దాం అనుకున్నాను. వాన తగ్గింది, నేను పోలేదు.

ఒక మధ్యాహ్నం సకీనా బీ బుర్ఖాలో నా కొట్టు ముందు నిలబడింది.

“నర్సింలూ, నా బోర్డు ఏది?”

“జర టైం పడ్తది ఆపా. సఫేదా వస్తలేదు.”

“రాయకున్నా సరే. పాతది ఎట్లున్నదో గట్లనే ఇయ్యి, తీస్కపోత.”

“తుప్పు పట్టింది. గీకుతుంటే చిల్లు పడ్డది. పారేసిన.”

ఆమె ముఖం మీది ముసుగు పైకెత్తింది. అంతకుముందు ఎన్నడూ నా ముందు ఎత్తలేదు.

“ఏడ పారేసినవ్? నాలా అవతల్నా?”

నేను చేతిలోని కుంచె కింద పెట్టాను.

“టాంగా కట్టించుకోని పోయి చూసిన. సూది నాదే. ఎర్ర దారం నాదే. గీసిచ్చిన నాడు మీ ఉస్తాద్‌ను ఎక్కిరించిన గూడ, గిసొంటి మెలికల దారం సూదికి ఎక్కుతదా అని.” ఆమె అరుగు మీద కూర్చుంది. “బట్టలు పంపెటోళ్లు ఒక్కొక్కరే బంద్ చేసిన్రు. నిన్న ఒకామె మనిషిని పంపి సగం కుట్టిన కుర్తా వాపస్ తెప్పిచ్చుకున్నది. చేతులు కుట్టనే లేదు. చేతుల్లేని కుర్తా ఏం చేస్కుంటది?”

“ఏమన్నా చెప్పి పంపిందా?”

“వాళ్లాయన వద్దన్నడంట. ఆయన లారీల మీద మాల్ తెస్తడు. ఆ బోర్డు గురించి ఆయనకెట్ల తెల్సో ఆమె అడిగినట్టు లేదు.”

నేను మొత్తం చెప్పేశాను. నీలం డబ్బా తీసి చూపించాను. ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. మూత తీసి చూసి, “రంగు మంచిదే” అంది. తర్వాత, “ఇట్లనే ఇంకో నెల పోతే మిషన్ అమ్ముకోవాలె. అమ్మీని ఏం పెట్టి సాకుత?” అంది.

“నేను పోయి తీస్కొస్త ఆపా. రాత్రి పూట పోత, ఎవరికీ తెల్వకుంట.”

“రాత్రి తెస్తే దొంగతనం అయితది. రేపు పగలు పోదాం.”

“మీరెందుకు ఆడికి?”

“నా పేరు నేనే తెచ్చుకుంట. నువ్వు నిచ్చెన మోయి.”

మర్నాడు టాంగా అతను యాడికి అని అడిగితే, బజారంతా వినబడేలా, “నాలా అవతల. నా పేరు రాసి ఉన్న ఇంటికి” అంది. నేను నిచ్చెన పట్టుకొని తల వంచుకొని కూర్చున్నాను.

మేం పోయేసరికి ఆ ఇంటి వసారాలో ఆడవాళ్లు బియ్యం ఏరుతున్నారు. ఒకామె తల ఆరబెట్టుకుంటోంది. తారాబాయి గడప దగ్గర కూర్చొని ఆకు నములుతోంది. నన్ను చూసి నవ్వింది.

“ఏమయ్య బోర్డులాయన! జాగ చూస్తందుకు రమ్మంటే సిగ్గుపడితివి. ఇప్పుడు నిచ్చెన ఏస్కోని వచ్చినవ్?”

సకీనా బీ ముందుకు వచ్చింది. “ఆ పేరు నాది. నేనే సకీనాను.”

బియ్యం ఏరే చేతులు ఆగాయి. తల ఆరబెట్టుకునే ఆమె ఫక్కున నవ్వింది. ఆమె పేరు నాగమ్మ అని తర్వాత తెలిసింది. “అక్కా, నువ్వేనా! నిన్ను అడుక్కుంట మస్తు మంది వస్తున్నరు. సకీనా లేదు, లేదు అని చెప్పి మా నోళ్లు నొస్తున్నయ్.”

సకీనా బీ నవ్వలేదు. “గందుకే వచ్చిన. బోర్డు ఇయ్యిండ్రి.”

“ఎట్ల ఇస్త?” అంది తారాబాయి. “బోర్డు లేకుంటే పోలీసులు ఊకోరు. పైంగ ఈ పేరు నాకు కలిసొచ్చింది. ఇన్నేండ్లు నా ఇంటికి పేరే లేకుండె.”

“నాకు ఉండె. ఇప్పుడు లేదు.” సకీనా బీ ఆ చేతుల్లేని కుర్తా సంగతి వాళ్లకు కూడా చెప్పింది. ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇంట్లో కళ్లు కనిపించని తల్లి ఉందనీ చెప్పింది.

నాగమ్మే మళ్లీ అందుకుంది. “నీకు బట్టలిచ్చెటోళ్లు లేరు. మాకు కుట్టెటోళ్లు లేరు. బజార్ల దర్జీ మా మీద టేపు పెట్టడు. దూరం నుంచే చూసి అందాజ మీద కుడ్తడు. చూడు, ఇది జాకిటా, గోనె సంచా?”

సకీనా బీ చూసింది. చూడకుండా ఉండలేకపోయింది. దగ్గరికి పోయి నాగమ్మ భుజం దగ్గర బట్ట రెండు వేళ్లతో పట్టుకుంది. “చంక కాడ కోత తప్పింది. ఎవడు కుట్టిండు?”

“స్టేషన్ రోడ్డు దర్జీ.”

“వాడా! వాడు గుంజకు తొడిగి కొలత చూస్తడు.”

వసారా మొత్తం నవ్వింది. తారాబాయి కూడా ఆకు ఉమ్మి నవ్వింది. “మా పొల్లలకు కుడ్తవా మరి? ఈడికి వచ్చి కొలతలు తీస్కో. బోర్డు పట్టుకపో.”

సకీనా బీ బోర్డు వైపు చూసింది. “ఈడికి రాను. మీరే మా ఇంటికి రాండ్రి. పగటి పూట, ముందటి తలుపు నుంచి.”

తారాబాయికి నమ్మకం కుదరలేదు. “మీ గల్లీల ఊకుంటరా?”

“ఉన్న గిరాకి ఎట్లనో పోయింది. వచ్చే గిరాకిని వెనక తలుపు నుంచి తోల్కొస్తనా?”

నేను నిచ్చెన ఎక్కి బోర్డు దించాను. తారాబాయికి వేరే బోర్డు రాసిచ్చాను. రేకు లేదు కనుక పాత తలుపు చెక్క మీద, మిగిలిన నీలం రంగుతో, ఈసారి గోడ చూసి, వాన చూసి. అది ఎన్నో వానలు నిలిచింది. అయినా ‘ఆరామ్ ముసాఫిర్‌ఖానా’ అని ఒక్కరూ అనలేదు. బోర్డు దించగలిగాను కానీ లారీలవాళ్ల నోటి నుంచి పేరు దించలేకపోయాను. ఆ ఇల్లు మూతబడేదాకా వాళ్లకు అది సకీనా ఘర్‌గానే ఉండిపోయింది.

సకీనా బీ మాత్రం మిగిలిన నా పూత కడిగించి, ‘స్టేషన్ రోడ్’ చెరిపించి, ఉస్తాద్ రాసిన అదే బోర్డును తన ముందు తలుపు మీద కట్టించింది. పేరు మార్చుకోమని నేనే అన్నాను. “తప్పు చేసినోని లెక్క నేనెందుకు మార్చుకుంట?” అంది. నాలా అవతలివాళ్లు ఇద్దరిద్దరుగా పగలే వచ్చారు. గల్లీలో గుసగుసలు లేచాయి. ఒకరిద్దరు పెద్దలు ఆమె తలుపు తట్టి మందలించారు. “మీ ఇంటి ఆడోళ్లు గూడ బట్టలు పంపుతే వీళ్లకు జాగ ఎక్కడిది?” అని ఆమె అడిగిందట.

రంజాన్ దగ్గర పడింది. పండక్కి కొత్త బట్టలు కావాలి, పర్దా ఇళ్లకు వేరే దర్జీ లేడు. ముందు వచ్చింది చేతుల్లేని ఆ కుర్తాయే. తెచ్చిన మనిషి ఏం మాట్లాడకుండా మూట అక్కడ పెట్టిందట. సకీనా బీ కూడా ఏం అడగకుండా చేతులు కుట్టి పంపింది. ఆ తర్వాత మరికొన్ని ఇళ్లు. అన్నీ రాలేదు. మిషన్ తిరగడానికి వచ్చినవి చాలాయి.

నాగమ్మ కొలతలివ్వడానికి వచ్చి, సకీనా బీ తల్లి పక్కన కూర్చొని కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. ఒకరోజు సాయంత్రం వెనక్కి పోలేదు. మల్లప్ప వచ్చి అడిగితే, “కొలత ఇంకా కాలేదు. కాంగనే పంపుత” అని చెప్పింది సకీనా బీ. రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ అదే మాట. మూడోసారి రాలేదు. తారాబాయే వద్దని ఉంటుంది.

ఇదంతా నా కుంచె వల్ల అయిందని సకీనా బీ ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమెకు మేలు జరిగేది. చెప్పకపోవడం వల్లే హోటల్లో విన్న మాట పుట్టింది. ఆ ఇంటివాళ్లు ఈమె ఇంటికి వచ్చారు కనుక ఈమె కూడా అక్కడిదే అని జనం లెక్క కట్టుకున్నారు. ఒకసారి అడిగాను, ఎందుకు చెప్పలేదు ఆపా అని.

“చెప్తే నీకు బోర్డులు ఎవరిస్తరు?” అంది మిషన్ ఆపకుండా. “పేరు పోతే ఎట్లుంటదో నాకు తెల్సు కద.”

ఆ మాట విని కూడా ఇన్నేళ్లు నేను నోరు విప్పలేదు. నా బోర్డులు నేను రాసుకున్నాను. ఆమె పోయాక ఇప్పుడు ఇది రాస్తున్నాను. ఈ పని నేర్చుకునే కుర్రవాళ్లకు నేను చెప్పేది రెండే సంగతులు. బోర్డు ఏ ఇంటిదైనా సరే, పోయి గోడ చూడండి. పాత రేకు మీద కొత్త పేరు రాయాలంటే రేకు మెరిసేదాకా గీకండి. కింద ఉన్న పేరు ఎవరిదో ఒకరిది.

ఆ దుకాణం ఇప్పుడు నాగమ్మ నడుపుతోంది. నెల కిందట మనిషిని పంపితే పోయాను. ఎండకు బోర్డు వెలిసింది, కొత్తగా రాయాలంది. ఇప్పుడు సఫేదా దొరుకుతోంది, అవిసె నూనె దొరుకుతోంది. బోర్డు దించి అలవాటు కొద్దీ గీకుడు కత్తి తీశాను. కింద ఆమె పేరు చేర్చాలేమో అనుకొని, “నాగమ్మా, నీ పేరు ఎక్కడ రాయాలె?” అని అడిగాను.

ఆమె నా చేతిలోంచి కత్తి తీసుకొని కిటికీలో పెట్టింది. “నా పేరెందుకు నర్సింలన్నా? ఏం గీకకు. ఆపా పేరు మీదనే మల్ల రాయి.”

ఉస్తాద్ గీతలు ఇంకా లీలగా కనబడుతున్నాయి. ఆ రోజంతా అక్కడే కూర్చొని, ఒక్కో అక్షరం మీదుగా కుంచె పోనిచ్చాను. చివరికి సూది, దాని కంట్లోంచి మెలికల ఎర్ర దారం. అది ఆరేలోపే గిరాకి వస్తే, నాగమ్మ ముందటి తలుపు రెండు రెక్కలూ తెరిచింది.